పద్నాలుగేళ్లకే లేట్ అయిపోయిందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ధాన్యం కమీషన్ వ్యాపారం చేస్తాను. మా బాబు తొమ్మిదో తరగతి. 2024 మొదట్లో 1180 ఉన్న వాడి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ ఇప్పుడు 1560. ఏడాదిన్నరలో 380 పాయింట్లు పెరిగింది. నార్వే చెస్ టోర్నీలో మన గుకేశ్ ప్రపంచ నంబర్ వన్ కార్ల్‌సన్‌ను ఓడించింది చూసినప్పటి నుంచి బడి మానేసి చెస్సే ఆడతానంటున్నాడు. ఇప్పటికే లేట్ అయింది, ఈ ఏడాదే ఫుల్‌టైమ్‌లో చేర్చమని హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్లు అంటున్నారు. మా ఆవిడేమో ఐఐటీ ఫౌండేషన్ అంటోంది. ఏది మంచిదో పోల్చి చెప్పగలరు.

జవాబు: పోలిక తర్వాత చేద్దాం సార్. మీకు నిద్ర పట్టనివ్వనిది ఐఐటీ కాదు, చెస్సూ కాదు. ఆ అకాడమీ వాళ్లు చెవిలో వేసిన 'లేట్' అనే మాట. నల్లగొండలో ఈ కుర్చీలో కూర్చుని ఆ మాట ఎంతమంది తండ్రుల నోట విన్నానో లెక్కలేదు. కొన్నాళ్లు క్రికెట్, కొన్నాళ్లు బ్యాడ్మింటన్, ఇప్పుడు చెస్.

మీవాడు చూసిన ఆ టోర్నీనే తీసుకోండి. ఆరో రౌండ్‌లో గుకేశ్ చేతిలో ఓడి కార్ల్‌సన్ బల్ల గుద్దిన వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఆ తర్వాత జరిగింది ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. ఆ బల్ల గుద్దినాయనే 34 ఏళ్ల వయసులో 16 పాయింట్లతో టోర్నీ గెలిచాడు. అర పాయింటు వెనక 32 ఏళ్ల అమెరికా ఆటగాడు కరువానా. చివరి రౌండ్‌లో అతని చేతిలో ఓడిన గుకేశ్ మూడో స్థానం. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి ఐదు.

తర్వాతి నెల, అంటే 2025 జులైలో, జార్జియాలోని బటూమీలో మహిళల చెస్ ప్రపంచ కప్ ఫైనల్. ఒకవైపు 38 ఏళ్ల మన కోనేరు హంపి, మరోవైపు 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్. రెండు గేములు డ్రా అయ్యాక తక్కువ సమయంలో ఆడే ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. కానీ హంపి చెస్‌లో అత్యున్నత బిరుదైన గ్రాండ్‌మాస్టర్ సాధించిన 2002 నాటికి దివ్య పుట్టనే లేదు. ఈ ఫైనల్‌కు ఏడు నెలల ముందే న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది కూడా హంపే. అప్పటికి ఆమె చమురు సంస్థ ఓఎన్‌జీసీలో ఉద్యోగి, ఒక పాప తల్లి. పద్నాలుగేళ్లకు తలుపులు మూసేసే ఆట అయితే ఈమె ఇంకా అక్కడ ఎలా కూర్చుందో ఆ అకాడమీ వాళ్లనే అడగండి.

అలాగని వయసుతో పనే లేదని అనను. గుకేశ్ నాలుగో తరగతి తర్వాత బడి మానేశాడని మీరూ వినే ఉంటారు. అతను పన్నెండేళ్లకే గ్రాండ్‌మాస్టర్. అర్జున్ పద్నాలుగేళ్లకు. మీవాడిది పద్నాలుగేళ్లకు 1560. ఆ 380 పాయింట్ల సంగతి కూడా చెప్పాలి. 2024 మార్చి 1న ఫిడే 2000 లోపు రేటింగులన్నీ ఒక్కసారిగా సవరించింది. 2000కు ఎంత తక్కువుంటే అందులో 40 శాతం కలిపింది. 1180 ఉన్న మీవాడికి 820 తక్కువ, అంటే 328 పాయింట్లు ఒక్క ఎత్తు వేయకుండానే వచ్చాయి. 1508. వాడు ఆడి తెచ్చుకున్నవి 52. అవి తక్కువేం కాదు, కష్టపడితేనే వస్తాయి. కానీ 52 చూసి బడి మాన్పిస్తారా? అకాడమీ వాళ్లకు ఈ లెక్క తెలియకుండా ఉండదు. మీకు చెప్పలేదంటే ఎందుకో ఆలోచించండి.

ఈ ఫుల్‌టైమ్ మోజు మీద నాకు ముందు నుంచీ అనుమానమే. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగ్, మూడు నార్మ్‌లు (టోర్నీలో నిర్ణీత స్థాయిలో ఆడితే వచ్చే గుర్తింపు) కావాలి. నార్మ్ రావాలంటే ప్రత్యర్థుల్లో కనీసం మూడోవంతు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి, విదేశీ ఆటగాళ్లూ ఉండాలి. అందుకే మన పిల్లలు స్పెయిన్, సెర్బియా అంటూ తిరుగుతుంటారు. విమానం, హోటల్, కోచ్ ఫీజు అన్నీ ఇంటి డబ్బే. ఒకసారి నేనూ తప్పు చేశాను. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక తల్లి ఏడుపు చూడలేక, ఓపెన్ స్కూల్‌లో వేసి ఆడించమన్నాను. రెండేళ్లకు ఆ పిల్లాడు బోర్డు ముట్టుకోవడం మానేశాడు. రోజంతా అదే పని అయ్యేసరికి ఆట మీద ప్రేమ పోయింది. పదో తరగతి మళ్లీ మొదటి నుంచి.

మీకు కోపం వచ్చినా ఇంకో మాట. పోయినేడు ఇక్కడ ఒక ఫంక్షన్ హాల్‌లో టోర్నీ జరిగితే మా అన్న కూతుర్ని తీసుకెళ్లాను. ఒక పిల్లాడు ఓడి బయటికొచ్చాడు. 'ఎనిమిదేళ్ల పిల్ల చేతిలోనా?' అని వాళ్ల నాన్న అందరి ముందూ అరిచి, ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. పిల్లాడు మెట్ల మీద కూర్చుని, ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్ మోకాలి మీద పెట్టుకుని, 31వ ఎత్తు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాడు. ఎక్కడ తప్పు జరిగిందో వాడికి తెలుసు. ఆ నాన్నకు మాత్రం పాయింట్లు ఎన్ని పోయాయో తెలుసు. మీ ఉత్తరంలో రేటింగ్ ఉంది, అకాడమీ ఉంది. వాడు ఎలా ఆడతాడో ఒక్క ముక్క లేదు. నాటు వేసిన నెలకే మిల్లుకు ఫోన్ చేసి ధర అడిగే రైతును మీరేమంటారు?

ఇక పోలిక. జేఈఈ గురించి నేను చెప్పేదేముంది, మీ ఊళ్లో ప్రతి కరెంటు స్తంభానికీ దాని బోర్డే. పైగా ఈ రెండూ మీరనుకున్నంత ఎడమొహం పెడమొహం కాదు. ఐఐటీ మద్రాస్ 2024 నుంచి ఒక్కో బీటెక్ కోర్సులో రెండు సీట్లు క్రీడాకారులకు ఇస్తోంది. అందులో చెస్ కూడా ఉంది. అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఉండాల్సిందే. రైల్వేల్లో, చమురు సంస్థల్లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు ఉన్నాయి, అవీ కొద్దిమందికే. కాబట్టి పదో తరగతి అయ్యేదాకా బడి మాన్పించకండి. ఫౌండేషన్ కూడా ఇప్పుడే వద్దని మీ ఆవిడకు చెప్పండి. ఒక మంచి కోచ్, నెలకో టోర్నీ చాలు. పది అయ్యేలోగా ఆడి 2000 దాటితే ఓపెన్ స్కూల్ మాట నేనే ఎత్తుతాను. దాటకపోతే ఇంటర్‌లో చేరి ఆడుకుంటాడు. ఎవరూ మునిగిపోరు.

వచ్చే ఆదివారం వాణ్ని తీసుకురండి. ఓడిపోయిన గేముల స్కోర్‌షీట్లు ఉంటే అవే తెమ్మనండి, గెలిచినవి వద్దు. మీరు కింద టీ కొట్టు దగ్గర కూర్చోండి, వాడొక్కడినే పైకి పంపండి.