మీ అమ్మాయి ఉద్యోగ భయం, మీ రోజువారీ ఫోను

ప్రశ్న: మా అమ్మాయి ఆరేళ్లుగా ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తోంది. ఏడాదిన్నరలో అక్కడ మూడు విడతలుగా ఉద్యోగులను తొలగించారు. తన పేరు ఏ జాబితాలోనూ రాలేదు. అయినా నాలుగో విడత ఎప్పుడొస్తుందోనన్న భయంతో సరిగా నిద్రపోవడం లేదు, అర్ధరాత్రి లేచి మెయిల్ చూసుకుంటోంది. మరింత స్థిరమైన రంగానికి మారిపొమ్మని చెప్పమంటారా? నేను మాత్రం రోజూ సాయంత్రం ఫోన్ చేసి, ‘ఆఫీసులో ఏమైనా అన్నారా?’ అని కనుక్కుని ధైర్యం చెబుతూనే ఉన్నాను.

జవాబు: మీ ఉత్తరంలో అమ్మాయి భయం గురించి రాసిన మాటలకన్నా, చివర్లో మీ గురించి రాసుకున్న వాక్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. దాని సంగతి తరవాత చెబుతాను. ముందుగా, రంగం మారే నిర్ణయం ఇప్పుడు వద్దని నా సలహా. కంటి నిండా నిద్ర లేని మనిషికి దూరపు కొండలు మరింత నున్నగా కనిపిస్తాయి. పైగా భయపడి తనంతట తానే రాజీనామా చేస్తే, తొలగింపు సమయంలో సంస్థలు ఇచ్చే పరిహారం గానీ, నిరుద్యోగ భృతి అమలులో ఉన్న చోట ఆ భృతి గానీ సాధారణంగా దక్కవు.

ఆమెది ఉత్తి భ్రమ అని మాత్రం అనుకోకండి. సారా బర్గార్డ్, జెన్నీ బ్రాండ్, జేమ్స్ హౌస్ అనే పరిశోధకులు అమెరికాలోని రెండు పెద్ద సర్వేల సమాచారాన్ని పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఏళ్ల తరబడి గడిపినవారి ఆరోగ్యం దెబ్బతింటోందని, నిజంగా ఉద్యోగం పోయిన సందర్భాలను లెక్కలోకి తీసుకున్న తరవాత కూడా ఆ ప్రభావం నిలిచే ఉందని అందులో తేలింది. ఇది వింతగా అనిపించవచ్చు గానీ, కారణం ఊహించడం కష్టం కాదు. ఉద్యోగం పోయిన మనిషికి మర్నాటి నుంచి చేయవలసిన పనులు కళ్లముందు ఉంటాయి, చుట్టూ ఉన్నవాళ్ల సానుభూతి ఉంటుంది. పోతుందేమోనని ఎదురుచూసే మనిషికి ఆ రెండూ ఉండవు, తేదీ తెలియని పరీక్షకు రోజూ హాజరవుతున్నట్టుగా ఉంటుంది.

అర్ధరాత్రి మెయిల్ చూసుకోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇన్‌బాక్సులో చెడు వార్త లేదని తెలిసిన క్షణంలో మనసు తేలికపడుతుంది, అయితే ఆ తేలికదనం ఎంతోసేపు నిలవదు. చూసినందువల్లనే ఉపశమనం కలిగిందని మెదడు నేర్చుకుంటుంది గనుక, మళ్లీ చూడమని మరింత త్వరగా పోరు పెడుతుంది. సహోద్యోగుల వాట్సాప్ గ్రూపులో పుకార్లు చదవడం, మేనేజర్ ముఖంలోకి చూసి అర్థాలు వెతకడం, వేళకాని వేళ వచ్చిన మీటింగ్ ఆహ్వానానికి గుండె ఝల్లుమనడం కూడా ఈ కోవలోనివే. మీ సాయంత్రపు ఫోను సైతం, మన్నించండి, ఈ చక్రంలో ఒక ఆకుగా మారిపోయి ఉండవచ్చు. ‘ఏమైనా అన్నారా?’ అని మీరు అడిగినప్పుడు, ఏదో అనబోతున్నారన్న నమ్మకం మీకూ ఉందని ఆమెకు వినిపిస్తుంది. ‘ఏమీ కాదులే’ అని మీరిచ్చే ధైర్యం మర్నాటి సాయంత్రానికల్లా ఖర్చైపోతుంది, ఎందుకంటే ఏమీ కాదని హామీ ఇవ్వగల స్థానంలో మీరు లేరని ఇద్దరికీ తెలుసు.

రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1984లో ఒత్తిడిని ఎదుర్కొనే తీరును రెండుగా విడదీసి చెప్పారు: సమస్యనే మార్చే ప్రయత్నం ఒకటి, సమస్య రేపిన కలవరాన్ని సర్దుకునే ప్రయత్నం మరొకటి. మీ అమ్మాయి విషయంలో రెండూ కావాలి, కాకపోతే ఏది ఎక్కడ వాడాలో తెలియాలి. తొలగింపు జాబితాలను చాలా సందర్భాల్లో ప్రాజెక్టును బట్టి, విభాగాన్ని బట్టి, జీతాల భారాన్ని బట్టి పైస్థాయిలోనే తయారుచేస్తారు. నేరుగా పనిచేయించుకునే మేనేజరుకు చివరి రోజుల దాకా తెలియకపోవడమూ మామూలే. కాబట్టి ‘నా ఉద్యోగానికి ఢోకా లేదు కదా?’ అని ఆయన్ని అడగడం వృథా. ‘వచ్చే మూడు నెలల్లో మన విభాగానికి ఏ పని ముఖ్యం, అందులో నేను ఏ భాగం తీసుకోవచ్చు?’ అని అడిగితే ఉపయోగపడే జవాబు దొరుకుతుంది. జాబితా భయంతో రోజుకు పద్నాలుగు గంటలు పనిచేయడం మాత్రం రక్షణ కాదు, అలసట మాత్రమే.

ఆమె చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి, వాటికి వారంలో మూడు గంటలు కేటాయిస్తే చాలు. తొలగించిన రోజున ఆఫీసు ల్యాప్‌టాప్, మెయిల్ అదే గంటలో మూతపడవచ్చు గనుక, పే స్లిప్పులు, నియామక పత్రం, పనితీరు సమీక్షల ప్రతులు, సహోద్యోగుల వ్యక్తిగత ఫోన్ నంబర్లు ముందే తన దగ్గర ఉంచుకోవాలి. సంస్థకు చెందిన రహస్య పత్రాల జోలికి మాత్రం పోకూడదు. ప్రతి నెలాఖరున తాను పూర్తిచేసిన పనులు, వాటి ఫలితాలు నాలుగు వాక్యాల్లో రాసుకుంటే, రెజ్యూమె తయారీ ఒక్కరాత్రి పని అవుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు ఎంతో కాగితం మీద లెక్క వేసుకోవాలి. అంత సొమ్ము ఇప్పుడు చేతిలో లేకపోయినా ఫరవాలేదు. రూపం లేని భయం కన్నా అంకె ఉన్న లోటు మేలు. ఇక పది కోర్సుల్లో ఒకేసారి చేరడం ఈ భయానికి పుట్టే మరో రూపం, దాన్ని ప్రోత్సహించకండి. తనకు నచ్చిన ఇరవై ఉద్యోగ ప్రకటనలు చదివి, వాటిలో పదేపదే కనిపించి తనకు రాని నైపుణ్యం ఒక్కటి ఎంచుకుని నేర్చుకుంటే సరిపోతుంది.

పరిచయాల సంగతికి వస్తే, సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని ఆయన ప్రశ్నించగా, తరచు కలిసే మనిషి ద్వారా సమాచారం అందినవారు సుమారు ఆరింట ఒక వంతే ఉన్నారు. మిగతావారికి అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవారే దారి చూపారు. దగ్గరి స్నేహితులకు మనకు తెలిసిన విషయాలే తెలిసి ఉంటాయి కదా. కాబట్టి పాత సహోద్యోగులతో, చదువుకున్న రోజుల జూనియర్లతో వారానికి ఒకరికి చొప్పున కుశలం కనుక్కుంటూ ఉండమనండి. ఉద్యోగం పోయాక చేసే ఫోనుకూ, ఇప్పుడు చేసే ఫోనుకూ గొంతులో తేడా ఉంటుంది.

రాత్రివేళ కమ్ముకునే ఆలోచనలకు వేరే ఉపాయం ఉంది. థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించిన పద్ధతి ప్రకారం, చింతించడానికే రోజూ ఒకే చోట, ఒకే వేళకు అరగంట కేటాయిస్తారు. మిగతా సమయంలో ఆ ఆలోచన వస్తే, దాన్ని గుర్తించి ఆ అరగంటకు వాయిదా వేస్తారు. నిద్రకు ముందు వేళ మాత్రం దీనికి పనికిరాదు. ఆ అరగంటలో భయాలను కాగితం మీద పెడితే మరీ మంచిది. ఫోను పడకగదికి వెలుపల ఛార్జింగులో ఉండాలి, అలారానికి వేరే గడియారం కొనుక్కోవచ్చు.

ఇవన్నీ నెలపాటు ప్రయత్నించినా నిద్ర పట్టకపోతే, లేదా ఉద్యోగం ఒక్కటే కాక అన్ని విషయాల మీదా అదుపులేని ఆందోళన ఉంటే, కెరీర్ సలహాదారును కాదు, వైద్యుణ్నో మనస్తత్వ నిపుణుణ్నో కలవాలి. అలాంటి ఆందోళన ఆరు నెలలకు పైగా చాలా రోజుల్లో కొనసాగితే వైద్యులు దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా పరిశీలిస్తారు, చికిత్సకు లొంగుతుంది కూడా. బతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే మాత్రం నెల ఆగవద్దు, ఆ రోజే తీసుకువెళ్లండి.

ఇక మీ ఫోను. మానేయకండి, ప్రశ్న మార్చండి. ఆఫీసు గురించి ఆమె చెబితే వినండి, మీరుగా అడగకండి. ఒకవేళ ఉద్యోగం పోతే కొన్ని నెలలు ఇంటికి వచ్చి ఉండవచ్చనీ, అందులో నామోషీ ఏమీ లేదనీ ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. ‘ఏమీ కాదు’ అన్న మాట మీరు ఇవ్వలేని హామీ. ఇది మీరు ఇవ్వగలిగినది. చెప్పాక ఆ సంగతి మళ్లీ ఎత్తకుండా, మీ రోజు ఎలా గడిచిందో ఆమెకు చెప్పండి.