బెంగకి గలీసియా వాళ్ళ మాట

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. నేను ఆర్నెల్ల నుంచి స్పానిష్ నేర్చుకుంటున్నా. ఒక ఇంటర్వ్యూలో ఎవరో "తెంగో మొర్రీన్యా" అన్నాడు, అర్థం చూస్తే సొంతూరి మీద బెంగ అని ఉంది, మా టీచర్ ఏమో అది అసలు స్పానిష్ మాటే కాదు గలీసియా వాళ్ళది అంటున్నారు, మరి స్పానిష్ డిక్షనరీలో ఎందుకుంది? ఎక్కడ్నుంచి వచ్చింది? ఫ్రెండ్ గుర్తొచ్చినప్పుడు కూడా వాడొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ టీచరూ కరెక్టే, డిక్షనరీ కూడా కరెక్టేనమ్మా. పుట్టిల్లు గలీసియా, అంటే స్పెయిన్ కి వాయవ్య మూల, పోర్చుగల్ కి సరిగ్గా పైన ఉండే ప్రాంతం. అక్కడి భాష గలీసియన్, పోర్చుగీస్ కి తోబుట్టువు, మధ్యయుగంలో రెండూ ఒకటే భాష. అందుకే పోర్చుగీస్ లోనూ ఈ మాట ఉంది, స్పెల్లింగే వేరు. గలీసియన్ నుంచి స్పానిష్ లోకి వచ్చి అక్కడే ఉండిపోయింది. 1889లోనే ఎమీలియా పార్దో బాసాన్ (ఆవిడా గలీసియా ఆవిడే, ఆ కొరూన్యాలో పుట్టింది) స్పానిష్ లో రాసిన నవలకి పేరే "మొర్రీన్యా", మాడ్రిడ్ లో పనికి కుదిరిన గలీసియా అమ్మాయి కథ అది.

ఇక పుట్టుక సంగతి. నాకు ఈ మాటలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మొదట్లో దీనికి ఊరితో సంబంధమే లేదు, అది పశువులకొచ్చే జబ్బు పేరు! ఆ అర్థం ఇప్పటికీ డిక్షనరీల్లో ఉంది. గలీసియన్ లో చచ్చిపోవడం అనే అర్థమున్న "మొర్రేర్" క్రియతోనే దీన్ని ముడిపెడతారు. గొర్రె మేత మానేసి, నీరసపడి, ఓ మూల నిలబడిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఇల్లొదిలి వెళ్ళిన మనిషీ అలాగే అయిపోతాడు కదా, అలా జబ్బు పేరు మనసుకి అంటుకుంది. మనం కూడా పిల్లాడు బెంగతో చిక్కిపోయాడు, బెంగపెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాడు అంటాం చూడండి, ఒంటికీ మనసుకీ మధ్య గోడ లేని మాట. అసలు నోస్టాల్జియా కూడా డాక్టర్ల మాటే, 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి, ఇంటికి దూరమై మంచం పట్టే వాళ్ళ జబ్బుకి గ్రీకు ముక్కలు అతికించి ఆ పేరు పెట్టాడు. కాకపోతే అది చదువుకున్నవాళ్ళు తయారుచేసిన మాట, మొర్రీన్యా పశువుల్ని కాసినవాళ్ళ నోట్లోంచి వచ్చింది.

గలీసియా వాళ్ళకే ఈ మాట ఇంతలా ఎందుకు అతుక్కుందంటే, వలసలు. 19వ శతాబ్దం రెండో సగం నుంచి లక్షలమంది ఓడలెక్కి క్యూబా, అర్జెంటీనా, ఉరుగ్వే వెళ్ళిపోయారు, ఎంతమంది అంటే అర్జెంటీనాలో ఇప్పటికీ స్పెయిన్ నుంచి వచ్చిన ఎవర్నైనా "గల్లేగో" అనేస్తారు, అతనిది ఏ ప్రాంతమైనా సరే. గలీసియా గీతం "ఓస్ పీనోస్" మొదటిసారి పాడింది కూడా గలీసియాలో కాదు, 1907 డిసెంబర్ 20న హవానాలో, అక్కడ స్థిరపడిన వలసవాళ్ళ మధ్య. సొంత నేల గీతాన్ని సముద్రం అవతల నిలబడి మొదటిసారి వినడం... ఆ హాల్లో ఎంతమందికి గొంతు పూడుకుపోయి ఉంటుందో అనిపిస్తుంది నాకు.

వాడకానికొస్తే, తెంగో మొర్రీన్యా అంటే "నాకు బెంగగా ఉంది", "మే ఎంత్రా మొర్రీన్యా" అంటే బెంగ ముంచుకొస్తోంది అని. గలీసియా మనిషే అనాలని రూలేం లేదు, స్పెయిన్ లో ఎవరైనా అంటారు. కానీ ముఖ్యంగా నేల మీద బెంగకి, ఇంటికి, ఆ వాన తడికి, ఆ గాలికి. పోర్చుగీస్ వాళ్ళు బెంగకి వాడే "సౌదాదే" అనే మాట అర్థం ఇంకా వెడల్పు, మనుషులు, పోయిన రోజులు, ఎప్పటికీ తిరిగిరానివీ అన్నీ అందులో పడతాయి, రెండూ ఒకటే అని రాసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

ఫ్రెండ్ కోసమైతే "తే ఎచో దే మేనోస్" అనండి, అదే సహజంగా ఉంటుంది. తమాషా ఏంటంటే అది కూడా ఆ మూల నుంచే వచ్చింది, పోర్చుగీస్ లో "అచార్ మేనోస్", అంటే లేని లోటు కనబడటం. స్పానిష్ వాళ్ళకి ఆ అచార్ తెలీక తమకి తెలిసిన "ఎచార్" (విసరడం) చేసేశారు, అందుకే మాటకి మాట అర్థం తీస్తే ఏమీ అర్థం కాదు, మీరూ తీయకండి, మొత్తంగా నేర్చేసుకోండి.