డీసీ చార్టర్ బడి: జాతుల శాతం కన్నా తరగతివారీ లెక్క చూడండి

మీరు అడిగినవి రెండు: వాషింగ్టన్ డీసీ చార్టర్ బడిలో మూడేళ్ళ బాబుకి సీటు దొరుకుతుందా, మనవాళ్ళు దాదాపు లేనిచోట వాడు ఇమడగలడా. మా పాప అలాంటి బడిలోనే చదువుతోంది కాబట్టి చెబుతున్నాను.

చార్టర్ అంటే ప్రైవేటు కాదండీ, ప్రభుత్వ నిధులతో స్వతంత్ర సంస్థలు నడిపే బడి. ఫీజు ఉండదు, ఇల్లు నగరంలో ఏ మూలనున్నా దరఖాస్తు పెట్టొచ్చు. 'మై స్కూల్ డీసీ' ఉమ్మడి లాటరీలో 12 బడుల దాకా రాయొచ్చు. నిజంగా ఇష్టమైన వరుసలోనే రాయండి. పైన రాసింది రాకపోయినా కిందివాటిలో అవకాశం తగ్గదు, పైవాటి వెయిట్‌లిస్టులో పేరు ఉంటుంది. సెప్టెంబర్ 30కి మూడేళ్ళు నిండితే ప్రీకే-3కి (మూడేళ్ళ పిల్లల తరగతికి) పెట్టండి, వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవద్దు. చాలా బడుల్లో కొత్త సీట్లు ఎక్కువగా ఉండేది అక్కడే. పై తరగతుల్లో ఎవరైనా మానేస్తేనే ఖాళీ, అందులోనూ తోబుట్టువులకి ముందు వరుస.

ఇక పిల్లల సంగతి. ఇక్కడి చార్టర్ బడుల్లో నల్లజాతి పిల్లలే ఎక్కువ, తర్వాత లాటినోలు. ఆసియన్లు చాలా తక్కువ. మా పాప తరగతిలో తెలుగు పిల్లలెవరూ లేరు. దాని ప్రాణస్నేహితుల్లో ఒకరిది ఎల్ సాల్వడార్ కుటుంబం, ఇంకొకరిది ఇథియోపియా. ఆ ఇథియోపియా వాళ్ళింట్లో ఇంజెరా (వాళ్ళ రొట్టె) పెడితే మన అట్టులా ఉందని ఇష్టంగా తింటుంది. ఇమడటం గురించి నాకు బెంగ లేదు.

బడి వివరాల్లో కనిపించే 'ఎట్ రిస్క్' పిల్లల శాతం చూసి బెదరకండి. ఇల్లు లేని, ఫాస్టర్ కేర్‌లో (కన్నవాళ్ళ దగ్గర కాకుండా ప్రభుత్వం అప్పగించిన సంరక్షణలో) ఉన్న, ప్రభుత్వ సాయం అందుకునే కుటుంబాల పిల్లలు ఆ లెక్కలోకి వస్తారు. అది ఇంటి పరిస్థితి, పిల్లల తెలివో నడతో కాదు. కొన్ని బడులు లాటరీలో వాళ్ళకి ప్రాధాన్యం ఇస్తున్నాయి, ఇవ్వాలి కూడా.

నేనైతే తరగతివారీ సంఖ్యలు చూస్తాను. రెండో తరగతి నుంచి మూడుకి వెళ్ళేసరికి పిల్లలు బాగా తగ్గిపోతే ఎందుకని నేరుగా బడివాళ్ళని అడగండి. నాలుగు తర్వాత తగ్గితే మాత్రం కంగారొద్దు: ఇక్కడ కొన్ని చార్టర్ మిడిల్ స్కూళ్ళు ఐదో తరగతి నుంచే మొదలవుతాయి, పిల్లలు అటు వెళ్తారు.

లాటరీలో రాకపోతే ఆశ వదలొద్దు. అక్టోబర్ మొదట్లో తీసే పిల్లల లెక్క నిధులకి కీలకం కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఖాళీలు నింపుకుంటారు. నివాసం రుజువు చేసే కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి, తెలియని నంబరు నుంచి ఫోనొచ్చినా ఎత్తండి.