తమ్ముడిది ఆటిజమా, బార్డర్‌లైనా: సమాధానం

అక్కా, మిర్యాలగూడలో ఉండే మీ తమ్ముడికి కోపం ఎక్కువని, చేయి కోసుకున్నాడని, 27 ఏళ్లకు డాక్టర్లు బార్డర్‌లైన్ పర్సనాలిటీ (భావాలు, బంధాలు నిలకడగా ఉండని మానసిక సమస్య) అన్నారని, మీకేమో ఆటిజం (చిన్నప్పటి నుంచే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా) అనిపిస్తోందని రాశారు. కోపం దేనికొస్తుందో గమనించండి. పెళ్లిలో డీజే మోతకో, చెప్పకుండా పని మార్చినందుకో అయితే ఆటిజం వైపు; అయినవాళ్లు వదిలేస్తారన్న భయంతో అయితే బార్డర్‌లైన్ వైపు.

ఎక్కువగా తేల్చేది బాల్యమే. ఆటిజం జాడలు పసితనం నుంచే ఉంటాయి. మాటలెప్పుడొచ్చాయి, తోటిపిల్లలతో ఎట్ల ఆడేవాడు, ఏ బట్టలు ఓర్చుకోలేకపోయేవాడు, అన్నీ అమ్మనడిగి రాసుకోండి. ఇది అడగకుండా ఇచ్చిన నిర్ధారణను మళ్లీ పరీక్ష చేయించాల్సిందే. చేయి కోసుకోవడం ఆటిజంలోనూ ఉంటుంది. రెండూ కలిసీ ఉండొచ్చు. అమ్మ చెప్పింది రాసుకున్న కాగితంతో పెద్దల ఆటిజం తెలిసిన సైకియాట్రిస్టును కలవండి. మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. మళ్లీ కోసుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు వెంటనే ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.