ముందు కాయ డబ్బు, తర్వాత కానుక

ప్రశ్న: అక్కయ్యగారికి వందనాలు. మాది చిత్తూరు. నాకు 42 ఏళ్ళు. మా ఆయన మామిడికాయల వ్యాపారం చేస్తారు. సీజన్లో రైతుల దగ్గర తోతాపురి కొని జ్యూస్ ఫ్యాక్టరీలకు లోడ్లు పంపిస్తారు. లెక్కల పుస్తకం నేనే రాస్తాను. ఆయన మా సంఘంలో పెద్ద. ఆదివారం ఆరాధన నడిపించేది ఆయనే, పాట ఎత్తుకుంటే అందరికీ కళ్ళనీళ్ళు వస్తాయి. కొత్త మందిరానికి 2 లక్షలు ఇస్తానని మైకులో చెప్పి, లక్ష ఇచ్చేశారు. పోయిన 2025 సీజన్ కాయ డబ్బు మాత్రం తొమ్మిదిమంది రైతులకు ఇంకా బాకీ ఉంది, మూడు లక్షల పైచిలుకు. లోడింగ్ కూలీలకు 28 వేలు ఇవ్వాలి. ఒక రైతు వరుసగా మూడు ఆదివారాలు, మేం చర్చికి బయలుదేరే టైముకే గేటు దగ్గరికి వచ్చాడు. మూడోసారి మా ఆయన "ఆరాధనకు పోతున్నాం, దేవుని పనికి అడ్డం రావద్దు" అన్నారు. ఆ రోజు మా అబ్బోడు కారెక్కలేదు. ఇంటర్ సెకండియర్ వాడు, చర్చిలో కీబోర్డు వాయించేది వాడే. అప్పటినుంచి రావడం లేదు. "నాన్న ఎవరికి పాడతా ఉన్నాడో నాకు అర్థం కాలేదు" అంటాడు. సంఘంలో అడిగితే ఎంసెట్ కోచింగ్ అని చెబుతున్నాను. బుధ, శుక్రవారాలు ఉపవాస కూటంలో వాడి కోసం ఏడ్చి ప్రార్థిస్తున్నాను. ఆ రెండు రోజులూ మా అత్తకు పొద్దున చేసిన సంగటే మధ్యాహ్నానికీ, ఆమెకు షుగరు, ఏం చేసేది. ఇప్పుడు ఆయన పాడుతుంటే నాకూ లోపల అనుమానం వస్తోంది. ఇది పాపమా? పిల్లవాణ్ణి బలవంతంగా అయినా చర్చికి తీసుకుపోవాలా? ఆయన్ను అడిగితే భర్తకు ఎదురు చెప్పినట్టు అవుతుందా?
— ఒక సోదరి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇది అబ్బాయి సమస్య అనిపించింది. రెండోసారి పుస్తకం సమస్య అనిపించింది. బైబిలు కాదు, మీరు రాసే లెక్కల పుస్తకం.

అనుమానం పాపం కాదు. అన్నిటికంటే పెద్ద ఆజ్ఞ ఏదని అడిగినప్పుడు యేసు హృదయంతో, ఆత్మతో, బలంతో దేవుణ్ణి ప్రేమించమని చెప్పి ఊరుకోలేదు, పూర్ణ వివేకంతో అని కూడా అన్నాడు. మార్కు 12లో ఉంది. వివేకాన్ని చెప్పులతోపాటు బయట విడిచి లోపలికి రమ్మని ఎక్కడా లేదు. రోమా పత్రిక 12లో పౌలు 'యుక్తమైన సేవ' అన్నది దేన్నో గుర్తు చేసుకోండి. పాటను కాదు. శరీరాన్నే సజీవ యాగంగా ఇవ్వమన్నాడు. శరీరం అంటే ఆదివారం పైకెత్తిన చేతులు మాత్రమేనా? సోమవారం తూకం చీటీ రాసే చెయ్యి కూడా అదే. రైతు ఫోన్ చేస్తే కట్ చేసే వేలు కూడా ఆ చేతిదే.

మీ అబ్బాయి దేవుడు లేడని అనలేదు చూశారా. నాన్న ఎవరికి పాడుతున్నాడని అడిగాడు. ఇది కొత్త ప్రశ్న కాదు. మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసేయండి, న్యాయం నీళ్ళలా పారనివ్వండి అని ఆమోసు ప్రవక్త ద్వారా దేవుడే అన్నాడు. ఆ ఆమోసు గొప్ప బోధకుడేమీ కాదు, పశువులు కాచుకుంటూ మేడిపండ్లు ఏరుకునేవాడు. మండీ భాష తెలిసినవాడే అనుకోండి. మీ ఇంట్లో ఆ మాట పదిహేడేళ్ళ పిల్లవాడి నోట వచ్చింది, అందుకని మీకు తిరుగుబాటులాగా వినపడింది.

మీ ఆయన గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. 2025లో తోతాపురి సంగతి మన జిల్లాలో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, మొత్తం కిలో 12 అని ప్రకటించుకోవలసి వచ్చిన ఏడాది అది. ఫ్యాక్టరీ నుంచి డబ్బు రావడానికి నెలలు పడుతుంది, ఈలోగా రైతుకూ కూలీకీ మధ్యలో ఉన్నవాడే ముఖం చూపించాలి. కాబట్టి ఆయన మోసగాడని నేను అనను. చేతిలో డబ్బు లేక ముఖం చాటేయడం వేరు, తప్పే గానీ అర్థమయ్యే తప్పు. కానీ ఆయన చేతికి లక్ష రూపాయలు వచ్చాయి. వచ్చిన లక్ష ఎటు పోయిందో మీ పుస్తకంలోనే ఉంది. అందులోంచి కూలీల 28 వేలు పోయినా ఇంకా 72 వేలు మిగిలేది, చిన్న రైతులు ఒకరిద్దరి లెక్క తీరిపోయేది. అలా తీర్చి ఉంటే చప్పట్లు ఉండేవి కావు, అంతే. గట్టిగా అంటున్నానని అనుకోకండి.

నా చిన్నప్పుడు తిరుపతిలో మా అమ్మ శనివారం రాత్రి రెండు చోట్ల డబ్బు పెట్టేది. గడియారం కింద పాలామె డబ్బు, చేతిరుమాలు అంచున ముడివేసి కానుక. ఒకసారి నెలాఖరున గడియారం కింద డబ్బు చాలలేదు. అమ్మ రుమాలు ముడి పళ్ళతో విప్పి ఆ చిల్లర అక్కడ చేర్చింది. మరునాడు కానుకల సంచి మా వరుసకు వచ్చినప్పుడు దాన్ని ఒట్టి చేత్తో పక్కావిడకు అందించింది. ఆవిడ మా అమ్మ చేతిని చూసింది. నాకు పదేళ్ళు, సిగ్గుతో తల వంచుకున్నాను. అమ్మ మాత్రం తర్వాతి పాట మామూలుగానే పాడింది.

మీ ఆయన ప్రసంగి గ్రంథం చూపిస్తారు, మొక్కుకున్నది చెల్లించాలని. నిజమే, ఆ మాట ఉంది. అయితే రైతుకు ఇచ్చిన మాట మైకులో ఇచ్చిన మాటకంటే ముందుది. కాయ కోసిన రోజే ఇచ్చారు. కూలివాడి జీతం తెల్లవారే దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండంలో ఉంది, ద్వితీయోపదేశకాండంలో అయితే పొద్దు గుంకకముందే ఇవ్వమని. మత్తయి 5లో యేసు ఇంకా సూటిగా చెప్పాడు: అర్పణ తెచ్చిన తర్వాత నీ మీద ఎవరికైనా బాధ ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే పెట్టి ముందు వెళ్ళి సమాధానపడు, తర్వాత వచ్చి ఇవ్వు. గుర్తు రావడానికి మీకు కష్టపడే పనేమీ లేదు. ఆ మనిషి గేటు దగ్గరే నిలబడ్డాడు.

ఇక ఎదురు చెప్పడం సంగతి. ఎఫెసీ పత్రికలో భార్యలకు చెప్పిన మాటకు ముందు వాక్యంలోనే ఒకరికొకరు లోబడి ఉండమని ఉంది, అది మన పెళ్ళిళ్ళలో తక్కువగా చదువుతారు. ఇంకో సంగతి. అపొస్తలుల కార్యాలు 5వ అధ్యాయంలో అననీయ, సప్పీరా పొలం అమ్మి, ధరలో కొంత దాచుకుని, ఉన్నదంతా తెచ్చామని కానుక పెట్టారు. మూడు గంటల తర్వాత పేతురు భార్యను విడిగా అడిగాడు, ఇంతకేనా అమ్మారని. నా భర్తను అడగండి అని ఆమె తప్పించుకోవడానికి వీలు లేకపోయింది. ఆ అబద్ధంతో ఇద్దరూ అక్కడే పడి చనిపోయారు గానీ, మిమ్మల్ని భయపెట్టడానికి ఇది ఎత్తలేదు. కానుక లెక్కలో భార్యకు సొంత నోరు ఉందని ఆ కథ ఒప్పుకుంటోంది, అంతవరకే నేను వాడుకుంటున్నాను. పైగా పుస్తకం రాసేది మీరు. అంకెలు మీ చేతివ్రాతలో ఉన్నాయి.

అడిగే పద్ధతి మాత్రం చూసుకోండి. ఆదివారం చర్చి నుంచి రాగానే వద్దు, ఆయన ఇంకా ఆ పాటల్లోనే ఉంటారు. పిల్లవాడి ముందు అసలే వద్దు. వాక్యాలతో మొదలుపెట్టకండి, నేను పైన ఇన్ని రాశాను గానీ అవి మీ ధైర్యం కోసం. ఆయన సంఘపెద్ద, మీకంటే పది వాక్యాలు ఎక్కువ చెబుతారు, మాటకు మాట పెరుగుతుంది. మామూలు రోజు, అన్నం తిన్నాక, పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టండి. "వీళ్ళందరికీ ఇవ్వాల్సిన వరస రాద్దాం" అనండి. నా వరస చెబుతాను: మొదట కూలీలు. వాళ్ళు రోజు సంపాదనతో రోజు గడిపేవాళ్ళు, 28 వేలు అందరూ కలిసి పంచుకునే డబ్బు. తర్వాత ఆ ఒక్క తోట తప్ప వేరే ఆధారం లేని చిన్న రైతులు. పెద్ద రైతులు ఆగగలరు, కానీ వాళ్ళకూ తేదీ చెప్పాలి. ఒక్కసారి మొత్తం ఇవ్వలేకపోతే సగం ఇచ్చి మిగిలినదానికి తేదీ రాసి సంతకం పెట్టి ఇవ్వండి. వట్టి "చూద్దాంలే" కంటే ఆ కాగితం రైతుకు ఎంత నిద్ర ఇస్తుందో వ్యాపారం ఇంట్లో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు.

మందిరానికి మిగిలిన లక్ష ఈ బాకీలు తీరాకే. ఆ మాట పాస్టరుగారికి మీ ఆయనే వెళ్ళి చెప్పాలి. మైకులో చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు ప్రాణం పోయినంత పని, ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడకండి. మంచి కాపరి అయితే ఈ సంగతి విని సంతోషిస్తారు. కోప్పడితే, అదీ ఒక సంగతి తెలిసినట్టే.

అబ్బాయిని బలవంతం చేయకండి. వాణ్ణి కారెక్కించగలరు, కీబోర్డు ముందు కూర్చోబెట్టగలరు కూడా. ఆ తర్వాత వాడికి ఆరాధన అంటే ఇంట్లో గొడవ కాకుండా చేసే పని అని జీవితాంతం గుర్తుండిపోతుంది. ఎంసెట్ కోచింగ్ అనే అబద్ధం ఈ ఆదివారమే ఆపేయండి. అది చిన్నది కాదు. ఇంట్లో నిజం ఒకటి, సంఘంలో మాట ఇంకొకటి అనే కదా వాడి బాధ, మీరూ అదే చేస్తున్నారు. ఎవరైనా అడిగితే "కొన్నాళ్ళు రానన్నాడు, వాడి కోసం ప్రార్థించండి" అనండి. అంతకు మించి ఎవరికీ వివరం ఇవ్వనక్కర్లేదు.

వేలూరు ఆసుపత్రికి వెళ్ళని ఇల్లు మన చిత్తూరులో తక్కువ. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టింది. తాతా తండ్రీ ఇద్దరూ మిషనరీ డాక్టర్లు. ఈ అమ్మాయి మాత్రం నాకు ఆ బతుకు వద్దు, అమెరికాలోనే ఉంటానంది. తల్లికి ఒంట్లో బాగాలేదని వచ్చి తిండివనంలో ఉండగా ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు, తలుపు తట్టారు. భార్యకు కాన్పు కష్టంగా ఉంది, మగ డాక్టరును లోపలికి రానివ్వలేం, నువ్వు రామ్మా అని. ఆమెకు వైద్యం తెలియదు. ఆ ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఆ తర్వాత ఆమె అమెరికా వెళ్ళి డాక్టరు చదువు చదివి 1900లో వెనక్కి వచ్చింది. తాతతండ్రుల విశ్వాసం ఆమెది అయింది ఆ రాత్రే అనిపిస్తుంది నాకు. మీ అబ్బాయి కూడా గేటు చప్పుడు విన్నాడు. అది వినని పిల్లవాడు ఇంట్లో ఉంటే నాకు ఎక్కువ టెన్షన్.

ఉత్తరంలో మీరు సగం వాక్యంలో దాటేసిన సంగతి ఒకటి ఉంది, మీ అత్తగారి సంగటి. నొచ్చుకోకండి. షుగరున్న ముసలామె వారానికి రెండు మధ్యాహ్నాలు చల్లారిన ముద్ద ఒంటరిగా తింటుంటే, ఆ టైములో మీరు కన్నీళ్ళతో ఉపవాసం ఉంటున్నారు. తల్లిదండ్రులకు పెట్టాల్సింది దేవుడికి 'కొర్బాను'గా, అంటే అర్పణగా, ఇచ్చేశాం అని చెప్పేవాళ్ళ మీద యేసుకు ఎంత కోపం వచ్చిందో మార్కు 7లో చూడండి. కూటం మానమని కాదు. శుక్రవారం ఒక్కరోజు వెళ్ళండి, ఆ రోజు మీ ఆయన ఇంటికి వచ్చి వాళ్ళమ్మకు వేడిగా వడ్డించి తనూ పక్కన కూర్చుని తినాలి. ఆయన తల్లే కదా. బుధవారం మీరు ఇంట్లో ఉండండి. ఆమె పక్కన కూర్చుని పాత సంగతులు విన్నా ప్రార్థనే. నేనైతే లెక్కలో వేస్తాను.

రాత్రి కుటుంబ ప్రార్థన ఎంతసేపో మీరు రాయలేదు. సంఘపెద్దల ఇళ్ళల్లో అది ఎంత సాగుతుందో నాకు తెలుసు. పది నిమిషాలకు తగ్గించమనండి. ఒక చిన్న భాగం చదివి, అబ్బాయిని ఏదైనా అడగనివ్వండి. జవాబు తెలియకపోతే తెలియదని వాళ్ళ నాన్న అనగలిగితే, అది వాడు ఎన్నడూ వినని సాక్ష్యం అవుతుంది.

చివరగా ఒక సంగతి గమనించాను. ఉత్తరంలో ఆ రైతుది ఏ ఊరో లేదు, ఎన్ని టన్నులు తోలాడో లేదు, ఆయనకు రావలసింది ఎంతో కూడా లేదు. పుస్తకంలో ఉంటుంది, చూడండి. ఈసారి ఆయన ఆదివారం దాకా ఆగకుండా మీరే ఫోన్ చేయించండి. ఇంటికి పిలిచి, వసారాలో కాదు, లోపల కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చి, ఇవ్వగలిగింది చేతిలో పెట్టండి. ఆ కుర్చీ అబ్బాయిని వేయమనండి.