చలికాలం గ్యాస్ ట్యాంకర్ పని: స్టీరింగ్ కన్నా పైపే బరువు

ప్రశ్న: కరీంనగర్‌లో తొమ్మిదేళ్లు లారీ తోలాను. నా భార్య నర్సు, ఆమె వీసా మీద డిపెండెంట్‌గా ఇంగ్లండ్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు గోడౌన్‌లో నైట్ డ్యూటీ. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇళ్లకు గ్యాస్ పోసే ట్యాంకర్ నడిపే పని ఉంటుందట. మన హెవీ లైసెన్సు చెల్లుతుందా? ఆరు నెలల పని కోసం ఉన్న ఉద్యోగం మానేయొచ్చా?
- ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: లైసెన్సు చెల్లదండీ. ఇండియా లైసెన్సుతో మొదటి ఏడాది కారు నడపొచ్చు, మీకు ఆ గడువూ దాటిపోయింది. లారీకైతే మొదటి రోజు నుంచే పనికిరాదు, ఇక్కడి లైసెన్సుగా మార్చీ ఇవ్వరు. కాబట్టి కారు టెస్టు, మెడికల్, లారీ థియరీ, 'సి' కేటగిరీ (పెద్ద లారీ) టెస్టు, డ్రైవర్ సీపీసీ (జీతానికి లారీ తోలేవాళ్లకు ఉండాల్సిన అర్హత) అన్నీ వరసగా అవ్వాలి. ఆ పైన ప్రమాదకర సరుకుల కోసం ఏడీఆర్ కార్డు, అందులో ట్యాంకర్లకూ గ్యాసులకూ విడిగా పరీక్ష, పాసైతే ఐదేళ్లు ఢోకా లేదు. ఇవన్నీ అయ్యేసరికి ఈ చలికాలం అయిపోతుంది, వచ్చే ఏడాదికి చూసుకోండి.

ఇక పని సంగతి. నేను వేల్స్ కొండల్లో రెండు సీజన్లు చేశాను. గ్యాస్ లైను లేని ఊళ్లలో ఇంటి పక్కనే పెద్ద ట్యాంకు ఉంటుంది, మనం వెళ్లి ప్రొపేన్ నింపాలి. మన వంటింటి సిలిండర్‌లో బ్యూటేన్ కూడా కలుస్తుంది కదా, అది సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాకుండా మొరాయిస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. అదే ప్రొపేన్ ద్రవం చేతి మీద పడితే చర్మం గడ్డకట్టి కాలినట్టే అవుతుంది, గ్లోవ్స్ లేకుండా కప్లింగ్ (పైపును ట్యాంకుకు బిగించే మూతి) ముట్టుకోవద్దు.

తోలడం మీకు వచ్చిందే, ఎడమ పక్కే కాబట్టి తికమక కూడా ఉండదు. కానీ క్లీనర్ ఉండడు! రెండు పక్కలా కంచె ఉన్న ఇరుకు దారిలో, మంచులో, బండి వెనక్కి తీస్తుంటే 'రానీ రానీ' అని డోరు మీద తట్టే మనిషి లేడు. దిగి చూసి, ఎక్కి, మళ్లీ దిగి చూడాల్సిందే. తర్వాత గేటు నుంచి పెరట్లోకి ఆ బరువైన పైపు లాక్కెళ్లాలి, రోజుకు ఎన్ని ఇళ్లయితే అన్నిసార్లు. అసలు ఒళ్లు హూనమయ్యేది ఇక్కడే.

ట్యాంకు 85 శాతానికి మించి నింపకూడదు, ఎండాకాలం ద్రవం వ్యాకోచించడానికి పైన ఖాళీ ఉండాలి. ట్యాంకు మీద మట్టం తెలిపే లెవెల్ స్క్రూ వదులు చేస్తే ముందు ఆవిరి వస్తుంది, ద్రవం ఆ మట్టానికి చేరగానే తెల్లటి పొగలా చిమ్ముతుంది, అక్కడితో ఆపేయాలి. ఒకాయన పండక్కి చుట్టాలొస్తున్నారు, ఇంకాస్త పొయ్యమని పట్టుపట్టాడు. నేను పైపు చుట్టేశాను, ఆయన తలుపు విసురుగా వేసుకున్నాడు. ఇలాంటి చోట మొహమాటపడే మనిషైతే ఈ పని వద్దు.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఏడీఆర్ కార్డు చేతికొచ్చాక, వేసవిలోనే కంపెనీలను అడగండి, అప్పటికే సీజన్‌కు మనుషుల్ని వెతుకుతుంటారు. వారానికి ఎన్ని గంటల పని గ్యారంటీ, ట్రైనింగ్ ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే ఆ డబ్బు తిరిగి కట్టమంటారా, ఇవి కాగితం మీద చూడండి. నాకు నోటిమాటగా చెప్పిన గంటలు ఫిబ్రవరిలో చలి తగ్గగానే సగమయ్యాయి. ఏప్రిల్ నుంచి మామూలు లారీ పని దొరికేలా ఏదైనా ఏజెన్సీలో ముందే పేరు రాయించుకోండి, 'సి' లైసెన్సుకు అక్కడ గిరాకీ ఉంటుంది.