పాత బోటు, దొరకని డ్రైవ్: ఉంచుకోవాలా, వదిలేయాలా?

ప్రశ్న: జార్జియాలో కమింగ్ దగ్గర ఉంటాం. లేక్ లేనియర్‌లో తిప్పడానికి మూడేళ్ల కిందట 19 అడుగుల బోటు కొన్నాను. 1988 మోడల్, 4.3 లీటర్ల వీ6 ఇంజన్, ఓఎంసీ కోబ్రా డ్రైవ్ (ఇంజన్ బలాన్ని ప్రొపెల్లరుకి అందించే, బోటు వెనక బిగించిన భాగం). ఈ వేసవిలో గేరులోంచి న్యూట్రల్‌కి తెస్తుంటే ఇంజన్ ఆగిపోతోంది. రెండు షాపులవాళ్లు కోబ్రా అనగానే మేం ముట్టుకోం అన్నారు. మూడో షాపువాళ్లు అమ్మేయమన్నారు. పిల్లలకు ఆ బోటంటే ప్రాణం. ఉంచుకోవచ్చా?

జవాబు: ఉంచుకోవచ్చో లేదో డ్రైవ్‌ని బట్టి తేలదండీ, బోటులోని చెక్కని బట్టి తేలుతుంది. అదెలాగో చెప్పేముందు, షాపులవాళ్లు ఎందుకు తప్పుకుంటున్నారో చూద్దాం.

జాన్సన్, ఎవిన్‌రూడ్ ఔట్‌బోర్డు (బోటు వెనక బయట తగిలించే) ఇంజన్లు చేసిన ఔట్‌బోర్డ్ మెరీన్ కార్పొరేషనే ఓఎంసీ. కోబ్రా డ్రైవ్‌ని 1986 నుంచి 1993 దాకా చేసింది. ఆ తర్వాత వోల్వో పెంటాతో కలిసి వేరే డ్రైవ్‌కి మారిపోయింది. 2000 డిసెంబరులో దివాలా తీసింది. అంటే మీ డ్రైవ్ చేసిన కంపెనీ ఇప్పుడు లేదు. షాపువాళ్లు పని మొదలుపెట్టాక ఒక్క పార్టు దొరక్కపోయినా మీ బోటు నెలల తరబడి వాళ్ల ఆవరణలోనే పడి ఉంటుంది. వాళ్ల భయం అదే.

అలాగని అన్నీ కరువేమీ కాదు. ఇంజన్ జనరల్ మోటార్స్‌ది కాబట్టి దాని సామాను ఇప్పటికీ దొరుకుతుంది. డ్రైవ్‌కి సంబంధించి నీటి పంపు కిట్, బెల్లోస్ (మడతల రబ్బరు గొట్టం), సీళ్లు, గింబల్ బేరింగ్ (డ్రైవ్ షాఫ్ట్‌ని మోసే బేరింగ్), షిఫ్ట్ కేబుల్ (గేరు మార్చే కేబుల్) లాంటివి సియెరా, జీఎల్ఎం వంటి కంపెనీలు చేస్తున్నాయి. కొత్తవి దొరకడం కష్టమైనవి గేర్లు, డ్రైవ్ పోత గుల్లలు, షిఫ్టుకి సంబంధించిన ఎలక్ట్రానిక్ మాడ్యూల్. ఒక్క మాటలో, రబ్బరు దొరుకుతుంది, లోహం దొరకదు. ఇది గుర్తుంటే ఏ రిపేరుకి భయపడాలో, ఏ రిపేరుకి అక్కర్లేదో తెలుస్తుంది.

ఇప్పుడు చెక్క సంగతి. ఆ కాలపు ఫైబర్ బోట్లలో వెనక గోడ, అంటే ట్రాన్సమ్, లోపల ప్లైవుడ్డే. అడుగున పొడవునా వెళ్లే స్ట్రింగర్లలోనూ చాలావాటికి చెక్కే. డ్రైవ్ బరువు, తోపు మొత్తం ఆ ట్రాన్సమ్ మీదే పడుతుంది. అది నానిపోతే దానికి ఎంత మంచి డ్రైవ్ బిగించినా దండగే.

ప్లాస్టిక్ సుత్తితో ట్రాన్సమ్‌ని బయటా లోపలా అంగుళం అంగుళం తట్టండి. గట్టి చోట టక్ మని తేటగా మోగుతుంది, నానిన చోట బొద్దుగా, చచ్చిన చప్పుడు వస్తుంది. డ్రైవ్ రంధ్రం కింది భాగం, నీళ్లు బయటికి వదిలే అడుగు బిరడా చుట్టూ, ట్రిమ్ ట్యాబులు ఉంటే వాటి స్క్రూల చుట్టూ ముందు కుళ్లుతుంది. అనుమానం వచ్చిన చోట లోపలివైపు నుంచి 1/8 అంగుళం డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయండి. బయటి ఫైబర్ దాటకుండా బిట్ మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. వచ్చిన పొట్టుని వేళ్ల మధ్య నలపండి. పొడిగా, లేత గోధుమ రంగులో చుట్టలు చుట్టలుగా వస్తే చెక్క బాగున్నట్టే. నల్లగా, తడిగా, నలిపితే తేనీటి పొడిలా అయిపోయి పుల్లటి వాసన కొడితే కుళ్లు మొదలైనట్టే. చూశాక ప్రతి రంధ్రాన్నీ ఎపాక్సీతో పూడ్చండి. ఊరికే వదిలేస్తే మీరే నీళ్లకి దారి ఇచ్చినట్టు అవుతుంది.

ఇంకో పరీక్ష చాలామంది చేయరు. బోటుని ట్రైలరుతో సహా హైవే పక్క ట్రక్ స్టాపులోని తూకం మీద పెట్టండి. ట్రైలరు బరువు, ట్యాంకులో ఉన్న పెట్రోలు బరువు (గ్యాలనుకి 6 పౌండ్ల పైచిలుకు) తీసేసి, కంపెనీ బ్రోషరులో ఉన్న బరువుతో పోల్చండి. 400, 500 పౌండ్లు ఎక్కువ తూగితే నేల కింద పోసిన ఫోమ్ నీళ్లు పీల్చుకుందని అనుమానించాలి. ఆ ఫోమ్ పక్కనే స్ట్రింగర్లు ఉంటాయి.

ట్రాన్సమ్ కుళ్లితే ఇక్కడితో ఆపేయండి. ఇంజన్ బయటికి తీసి, లోపలి ఫైబర్ కోసి, కొత్త ప్లైవుడ్ అతికించే పని షాపులో చేయిస్తే బోటు ఖరీదుకి రెండు మూడింతలు అవుతుంది.

చెక్క బాగుంటే ఇంజన్ చూడండి. ఇంజన్ కాస్త వేడెక్కాక ఆరు స్పార్క్ ప్లగ్గులూ తీసేసి, ఇగ్నిషన్ పనిచేయకుండా చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండరుకీ ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టి ఐదారు చుట్లు స్టార్టరుతో తిప్పండి. 140 నుంచి 170 పీఎస్ఐ మధ్య ఉండి, అన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే మంచి ఇంజన్. ఒక సిలిండరు మిగతావాటి కన్నా 20 శాతం పైగా పడిపోతే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వో, హెడ్ గాస్కెటో అయి ఉంటుంది.

ఇక మీరు అడిగిన షిఫ్ట్ సంగతి. కోబ్రాలో గేరు విడిపించడానికి ఒక ఏర్పాటుంది. లివరు లాగినప్పుడు కేబుల్ మీద ఒత్తిడి పెరిగితే బ్రాకెట్ మీది చిన్న స్విచ్ కదులుతుంది, మాడ్యూల్ కొన్ని సిలిండర్లకి క్షణకాలం నిప్పు ఆపుతుంది. ఇంజన్ జోరు తగ్గి, గేరు పళ్ల మీద ఒత్తిడి పోయి, క్లచ్ డాగ్ (గేరుని షాఫ్ట్‌కి పట్టించే పళ్ల ముక్క) తేలిగ్గా ఊడివస్తుంది. బ్రాకెట్ నుంచి డ్రైవ్‌లోకి వెళ్లే కింది కేబుల్ లోపల తుప్పు పట్టి బిగుసుకుంటే ఆ స్విచ్ కదిలిన చోటే ఉండిపోతుంది. నిప్పు ఆగుతూనే ఉంటుంది, ఇంజన్ చచ్చిపోతుంది. మీ బోటుకి జరుగుతున్నది ఇదే అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

తేల్చుకోవడానికి ఆ స్విచ్ కనెక్టరు విప్పి నడపండి. ఇంజన్ ఆగకుండా ఉంటే ఇంజన్‌లో తప్పులేదు, తప్పు ఈ షిఫ్ట్ ఏర్పాటుదే, ఎక్కువగా కేబుల్‌దే. అయితే కనెక్టరు విప్పేసి అలాగే వాడుకుందామని మాత్రం అనుకోవద్దు. ప్రతిసారీ బలవంతంగా గేరు పీకుతుంటే క్లచ్ డాగ్ మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. అది లోహం, దొరకని జాబితాలోది. తర్వాత ఇంజన్ ఆపి, కీ తీసేసి, కింది కేబుల్‌ని బ్రాకెట్ నుంచి విడదీసి చేత్తో లాగి తొయ్యండి. ఒకరు ప్రొపెల్లరుని మెల్లగా తిప్పుతూ ఉండాలి. చేతికి వెన్నలా ఆడాలి. గరగరలాడినా, ఒకచోట పట్టేసినా కేబుల్ మార్చాల్సిందే. నూనె వేసి నెట్టుకురావడం నాలుగు రోజుల ముచ్చటే.

కేబుల్ ట్రాన్సమ్ గుండా వెళ్తుంది కాబట్టి డ్రైవ్ దించాలి. ఎలాగూ దించాక యూ-జాయింట్ బెల్లోస్, గింబల్ బేరింగ్, నీటి పంపు ఇంపెల్లరు కూడా అదే విడతలో మార్చేయండి. బెల్లోస్ మడతల లోపలి గాడిలో పగులుతుంది. మడత విప్పి చూస్తే తప్ప కనబడదు. ఈ బోట్లు కట్టిన చోటే మునిగిపోవడానికి పెద్ద కారణం అదే. డ్రైవ్ తిరిగి ఎక్కించేముందు అలైన్‌మెంట్ కడ్డీని బేరింగులోంచి ఇంజన్ కప్లర్‌లోకి (ఇంజన్‌ని డ్రైవ్ షాఫ్ట్‌కి కలిపే ముక్క) తొయ్యండి. రెండు వేళ్లతో దూరాలి. దూరకపోతే ఇంజన్ ముందు మౌంటుని ఎత్తో దించో సరిచేయాలి. ఈ పని ఎగ్గొట్టినవాళ్లకే మళ్లీ మళ్లీ కప్లర్లు పోతుంటాయి. కేబుల్ సర్దుబాటు మాన్యువల్లో చెప్పిన వరసలోనే చేయాలి. బెల్‌క్రాంక్‌ని (కేబుల్ కదలికని గేర్లకి అందించే చిన్న మీట) నడిమి స్థానంలో పట్టి ఉంచే చిన్న పనిముట్టు ఉంటుంది, అది లేకుండా కంటి అంచనాతో చేస్తే తప్పు కాస్తా గేర్ల మీదికి వస్తుంది.

డ్రైవ్ ఆయిల్ సంగతీ చూడండి. బోటుని ఒక రాత్రి కదపకుండా ఉంచి, పొద్దున కింది స్క్రూ కాస్త వదులు చేయండి. ముందు నీటి చుక్క వచ్చినా, ఆయిల్ పాలలా తెల్లగా ఉన్నా ఏదో సీలు పోయిందన్నమాట. సీళ్లు దొరుకుతాయి కాబట్టి కంగారక్కర్లేదు. ఆ స్క్రూకి ఉండే అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకోవడం మామూలే. గోటికి తగిలే లోహపు పెచ్చులు కనిపిస్తే గేర్లు పోతున్నట్టు.

అన్నీ బాగున్నాయని తేలితే ఇప్పుడే, డ్రైవ్ నడుస్తుండగానే, ఇంకో కోబ్రా డ్రైవ్ కొని గరాజులో పెట్టుకోండి. బోట్ల పాత సామాన్ల యార్డుల్లో దొరుకుతాయి. ఇది అందరూ వాయిదా వేసే పని. గేరు రేషియో మాత్రం మీదానితో కలవాలి, నాలుగు సిలిండర్ల బోటుది వీ6కి పనికిరాదు. అమ్మేవాళ్ల మాట నమ్మకుండా, డ్రైవ్‌ని గేరులో పెట్టి పైషాఫ్ట్‌ని 10 చుట్లు తిప్పి ప్రొపెల్లరు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, మీ డ్రైవ్‌తో పోల్చుకోండి.

ఇదంతా మీ చేత్తో చేసుకునే ఓపిక ఉంటేనే ఉంచుకోండి. ఉప్పునీరు తగలని బోటు కావడం మీకు కలిసొచ్చే సంగతి. షాపులకి గంటల లెక్కన కట్టి కోబ్రాని నిలబెట్టాలనుకుంటే చేతి చమురు వదలడం తప్ప ఏమీ మిగలదు. అమ్మినా పెద్దగా రాదు, చాలాసార్లు కొనేవాళ్లు ట్రైలరుకే ధర కడతారు. ఎక్కడ ఆపేయాలో కూడా ఇవాళే కాగితం మీద రాసిపెట్టుకోండి: రెండో డ్రైవ్ గేర్లు పోయినా, ఇంజన్ బ్లాక్ పగిలినా ఆ రోజుతో సరి.

ఒక హెచ్చరిక. స్టార్టరు, ఆల్టర్నేటరు, ఇంధన పంపు కారువి చవగ్గా వస్తాయని పెట్టకండి. బోటులో ఇంజన్ మూసిన గదిలో ఉంటుంది, పెట్రోలు ఆవిరి కింద పేరుకుంటుంది. మెరీన్ రకానివి నిప్పురవ్వ గానీ, పెట్రోలు గానీ బయటికి రాకుండా చేసినవి. మీ ప్రాణాలు, పిల్లల ప్రాణాలు దీనిమీదే ఉన్నాయి.

ప్రశ్న: టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. పక్కింటి పెద్దాయన తన 1976 బోటు ఊరికే ఇస్తానంటున్నారు. ఓఎంసీ స్ట్రింగర్ డ్రైవ్, గేరు కరెంటుతో పడుతుందట. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. ఇది కోబ్రా కంటే ముందు తరం. 1978కి ముందువాటిలో గేరు మార్చేది కేబుల్ కాదు, కింది గేర్‌కేసులోని రెండు విద్యుత్ కాయిళ్లు. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. కరెంటు లేకపోతే న్యూట్రల్. కాయిల్ అయస్కాంతమై ఒక స్ప్రింగుని పట్టుకుంటుంది, ఆ స్ప్రింగు షాఫ్ట్ చుట్టూ బిగుసుకుని తిప్పుతుంది. బ్యాటరీ వోల్టేజి కాస్త పడినా పట్టు జారుతుంది, జారిన ప్రతిసారీ స్ప్రింగు అరుగుతుంది. మామూలు చిక్కటి గేర్ ఆయిల్ పోసినా పాడవుతుంది, దానికి కంపెనీ చెప్పిన పలచటి రకమే పోయాలి.

అయినా చూడాలనిపిస్తే మల్టీమీటరు పట్టుకెళ్లండి. డ్రైవ్ నుంచి వచ్చే ఆకుపచ్చ, నీలం తీగలు విడదీసి, ఒక్కోదానికీ గ్రౌండుకీ మధ్య కొలవండి. 5 ఓములకు కాస్త అటూఇటూగా ఉండాలి. సున్నాకి దగ్గరైతే తీగ ఒరుసుకుని షార్టయింది, అసలేమీ చూపకపోతే తెగింది. రెండూ బాగున్నా ట్రాన్సమ్ రంధ్రం చుట్టూ ఉండే పెద్ద రబ్బరు బూటు ఉంది. అది చిరిగితే నీళ్లు నేరుగా లోపలికే. పెద్దాయన ట్రైలరు ఒక్కటీ ఇస్తానంటే మాత్రం సంతోషంగా తెచ్చుకోండి.

ప్రశ్న: మిషిగన్‌లో నోవై. కొన్న పాత బోటులో ఇంజన్ ఆయిల్ తెల్లగా మజ్జిగలా ఉంది. డ్రైవ్ కూడా పాతదే. ముందు ఏది చూడాలి?

జవాబు: ఇంజన్ బ్లాక్. ఆయిల్ మజ్జిగలా ఉందంటే అందులో నీళ్లు కలిసినట్టే. చలికాలం ముందు నీళ్లు తీయకుండా వదిలేస్తే గడ్డకట్టి ఉబ్బి బ్లాక్ పగులుతుంది. పగులు ఒక్కోసారి బయట కనబడదు, ఇన్‌టేక్ (గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే భాగం) కింద లోపలి లోయలో ఉంటుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, రైజర్లు (పొగని బయటికి పంపే భాగాలు) కూడా ఇంజన్‌లోకి నీళ్లు వదలగలవు, కాబట్టి వాటిని విప్పేసి, బ్లాకులోకి నీళ్లు వెళ్లే దారులన్నీ మూసి 15 పీఎస్ఐ గాలి పెట్టండి. పదిహేను నిమిషాలు నిలిస్తే బ్లాక్ బతికింది, మానిఫోల్డులు మార్చుకుంటే చాలు. గాలి దిగిపోతూ ఆయిల్ పోసే మూతి దగ్గర బుస్సుమంటే బ్లాక్ పోయి ఉండే అవకాశమే ఎక్కువ. దొరకని డ్రైవ్‌కి కొత్త ఇంజన్ పెట్టకండి.

బాగుంటే వచ్చే అక్టోబరులో బ్లాకుకి రెండు వైపులా ఉన్న డ్రెయిన్ బిరడాలు తీశాక నీళ్లు రాలేదని ఖాళీ అయిందనుకోవద్దు. తుప్పు పెచ్చు అడ్డుపడి ఉంటుంది. గట్టి తీగతో పొడవండి, అప్పుడు గోధుమరంగు నీళ్లు ఒక్కసారిగా దూకుతాయి. ఆ తర్వాతే గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ (నీళ్లలా గడ్డకట్టి ఉబ్బని ద్రవం) పోయండి.

ప్రశ్న: డ్రైవ్, ఇంజన్ రెండూ పీకేసి వెనక ఔట్‌బోర్డు తగిలిస్తే?

జవాబు: చేయొచ్చు, చాలామంది చేశారు. అయితే ట్రాన్సమ్‌లో డ్రైవ్ కోసం కోసిన పెద్ద రంధ్రాన్ని ప్లైవుడ్, ఎపాక్సీ, ఫైబరు గుడ్డతో పూడ్చి, అంచుల్ని పలచగా సానబట్టి పొరలు పొరలుగా కలపాలి. ఊరికే ప్లేటు బిగిస్తే నిలవదు. బ్రాకెట్ మీద ఔట్‌బోర్డు మరింత వెనక వేలాడుతుంది కాబట్టి ట్రాన్సమ్ మీద మెలి పెరుగుతుంది, ట్రాన్సమ్‌కీ స్ట్రింగర్లకీ మధ్య మోకాలి ఆకారపు ఆసరాలు కట్టాలి. లోపల ఇంజన్ బరువు పోయి బరువంతా చివరికి చేరడంతో బోటు వెనక్కి కుంగుతుంది, బ్యాటరీలు ముందుకి జరపాలి. హార్స్‌పవర్ బోటు మీది కెపాసిటీ ప్లేటు (గరిష్ఠ పరిమితులు రాసి ఉండే పలక) దాటకూడదు. ఇన్‌బోర్డు బోట్ల (ఇంజన్ లోపలే ఉన్నవాటి) ప్లేట్ల మీద హార్స్‌పవర్ రాయరు కాబట్టి, అదే హల్‌కి (బోటు డొల్లకి) ఔట్‌బోర్డు మోడల్ వచ్చి ఉంటే దాని ప్లేటు చూడండి. అలాంటి మోడల్ లేకపోతే ఒక మెరీన్ సర్వేయరుకి (బోట్లు తనిఖీ చేసే నిపుణుడికి) చూపించాకే ఇంజన్‌కి డబ్బు కట్టండి.